పల్లం కొబ్బరి తోటలో గడ్డి కోత: ట్రాక్టర్ బరువు ఎంతుండాలి, టైర్లు ఏవి వెయ్యాలి?

కవిటి_పల్లం
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఐదెకరాల కొబ్బరి. మూడెకరాలు ఇసక గరువు (మెట్ట), రెండెకరాలు బీల (చిత్తడి నేల) వైపు దిగే పల్లం. 2018 తిత్లీ తుఫాను తర్వాత వేసిన మొక్కలే ఎక్కువ, 25 అడుగుల ఎడం.

ట్రాక్టర్ 47 హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్. పుస్తకంలో బరువు 1,900 కేజీలని ఉంది. టైర్లు వెనక 13.6-28, ముందు 6.00-16. వెనక టైర్లలో నీళ్లున్నాయి, ముందు బంపర్‌కి 80 కేజీల వెయిట్లున్నాయి. వెనక తగిలించి గడ్డి కోసే స్లాషర్ ఐదడుగులది, 300 కేజీలు. గరువులో ఏ ఇబ్బందీ లేదు. పల్లంలో మాత్రం వానాకాలమంతా నాలుగైదు అంగుళాల గాడి పడుతోంది. వరస చివర తిప్పే చోట ఇంకా లోతు.

దీన్ని అమ్మేసి మినీ ట్రాక్టర్ కొనమని కొందరు, టైర్లు మారిస్తే చాలని ఇంకొందరు, దమ్ము చక్రాలు తగిలించమని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?

నాగావళి_గట్టు
అన్నా, దమ్ము చక్రాల మాట ముందే పక్కన పెట్టెయ్యండి. ఇనుప చక్రం బురదని కలియదొక్కడానికి చేసింది. పచ్చిక మీద తిప్పితే గడ్డి వేళ్ల అల్లికని కోసేస్తుంది. పల్లంలో ట్రాక్టర్‌ని మోసేది ఆ అల్లికే. ఒక్కసారి అది తెగితే వచ్చే వానకి అదే చోట రెండింతలు దిగబడుతుంది.

తర్వాత, బండి మొత్తం బరువు ఒక్కటే పట్టుకుని ఆలోచించొద్దు. చూడాల్సినవి రెండు. గడ్డి కోసేటప్పుడు ఒక్కో చక్రం మీద ఎన్ని కేజీలు పడుతున్నాయి, ఆ చక్రంలో గాలి ఎంత ఉంది. పైన జానెడు మట్టి ఎంత నలుగుతుందో చాలావరకు టైరులో గాలే తేలుస్తుంది. నేల మీద పడే ఒత్తిడి దాదాపు టైరులో ఉన్న గాలి ఒత్తిడంత, టైరు గట్టిదనం వల్ల ఇంకో ఒకటి రెండు పాయింట్లు (పీఎస్ఐ) ఎక్కువ. జానెడు దాటి లోతున ఎంత గట్టిపడుతుందన్నది ఇరుసు మీద మొత్తం బరువుని బట్టి ఉంటుంది. వెడల్పు టైరు వేసినా ఆ లోతు నష్టం పెద్దగా తగ్గదు. అందుకే టైరు మార్పూ, బరువు తగ్గింపూ రెండూ కలిసి జరగాలి.

పలాస_టైరు_పని
పై మాట నూటికి నూరు పాళ్లు నిజం. టైరులో 12 పాయింట్లు (పీఎస్ఐ) ఉంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 0.85 కేజీ. టైరు గట్టిదనం కలిపితే ఇంచుమించు ఒక కేజీ. ఇసక ట్రాలీకని 20 పాయింట్లు కొట్టించి, అదే గాలితో తోటలోకి దిగితే ఒకటిన్నర కేజీ. ట్రాక్టర్ అదే, టైరు అదే, నేలకి మాత్రం ఒకటిన్నర రెట్లు భారం.

కవిటి అన్నా, గాలి ఇప్పుడెంతుందో ముందు కొలిపించండి. లారీ గేజీతో కొలవొద్దు, 150 వరకు కొలిచే గేజీలో 10కీ 14కీ తేడా కనపడదు. 0 నుంచి 30 వరకు ఉండే చిన్న గేజీ కావాలి. నీళ్లున్న టైరైతే వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి కొలవాలి. కింద ఉంటే గేజీలోకి నీళ్లు వెళ్తాయి, లెక్కా తప్పొస్తుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే.

ఏజీ_విజయనగరం
బరువుల సంగతి కాగితం మీద వేసి చూద్దాం. మామూలుగా టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌లో బరువు వెనక 60-65 శాతం, ముందు 35-40 శాతం ఉంటుంది. మీ 1,900 కేజీల్లో వెనక 1,200, ముందు 700 అనుకుందాం.

స్లాషర్ 300 కేజీలు. దాని బరువు మధ్యభాగం వెనక ఇరుసుకి ఒకటిన్నర మీటరు వెనక ఉంటుంది. రెండిరుసుల మధ్య దూరం 1.9 మీటర్లు. లిఫ్ట్ ఎత్తితే వెనక ఇరుసు మీద పెరిగేది 300 కాదు. 300 × (1.5 + 1.9) ÷ 1.9, అంటే దాదాపు 537 కేజీలు. తేడా 237 ముందు చక్రాల మీంచి తీసుకుంటుంది. తూకం బల్ల లెక్కే ఇది.

అన్నీ కలిపితే వెనక ఇరుసు మీద: 1,200 + స్లాషర్ వల్ల 537 + నీళ్లు సుమారు 400 + డ్రైవరు వాటా 60. ముందు వెయిట్లు వెనక నుంచి 20 తగ్గిస్తాయి. మొత్తం 2,177 కేజీలు. ఒక్కో వెనక టైరు మీద దాదాపు 1,090. పల్లంలో గాడి పడకుండా ఎలా ఉంటుంది?

ఇవి అంచనా అంకెలే. రైస్ మిల్లు దగ్గర వేబ్రిడ్జి ఉంటే మూడు తూకాలు వేయించండి: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద. స్లాషర్ పైకెత్తి ఉంచాలి, డ్రైవరు సీట్లో ఉండాలి. కొత్త బండి కొనేవాళ్లు మధ్యప్రదేశ్ బుధ్నీలోని కేంద్ర పరీక్షా సంస్థ ఇచ్చిన రిపోర్టు డీలర్‌ని అడగండి. వెయిట్లతో, వెయిట్లు లేకుండా ఏ ఇరుసు మీద ఎంత బరువో అందులో ఉంటుంది. పాంప్లెట్‌లో ఉండే ఒక్క అంకెతో ఈ పని తేలదు.

చీపురుపల్లి_మెకానిక్
నీళ్లు తీసెయ్యండి, అదే మొదటి పని. 13.6-28లో వాల్వు మట్టం దాకా నింపితే, అంటే మూడొంతులకి, ఒక్కోదాంట్లో రెండొందల లీటర్లు అటూ ఇటూ పడతాయి. మెట్టలో నాగలి లాగడానికి ఆ బరువు అవసరం. గడ్డి కోతలో లాగే పనే లేదు, ఇంజను బలమంతా పీటీఓకే (స్లాషర్‌ని తిప్పే కడ్డీకే) పోతుంది. చక్రానికి పట్టు అంతగా అక్కర్లేదు.

తీసే పద్ధతి: గట్టి నేల మీద బండి ఆపి, స్లాషర్ విప్పేసి, ముందు చక్రాలకి, రెండో వెనక చక్రానికి రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ ఇరుసు గొట్టం కింద వేసి, చక్రం నేల నుంచి రెండు వేళ్లు లేచేంత ఎత్తాలి. జాకీని నమ్ముకోకుండా కింద దుంగ పెట్టాలి. వాల్వు కిందికి వచ్చేలా తిప్పి, లోపలి పిన్ను విప్పితే నీళ్లు చిమ్ముతూ వస్తాయి. ఆగిపోయాక కంప్రెసర్‌తో గాలి కొట్టి మళ్లీ వదలాలి. రెండు మూడు సార్లు అలా చేస్తే చాలావరకు ఖాళీ. అడుగున కొంచెం మిగులుతుంది, పర్వాలేదు. ఉప్పు నీళ్లు గాని, కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు గాని అయితే కొబ్బరి పాదుల్లోకి వదలొద్దు, రిమ్ము కూడా మంచినీళ్లతో కడగండి.

ముందు వెయిట్లు మాత్రం తూకం వేశాకే తియ్యాలి. ట్రాక్టర్ సొంత బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద మిగలాలి, లేకపోతే స్టీరింగు పట్టు తప్పుతుంది.

ఏజీ_విజయనగరం
మెకానిక్ గారి మాటకి లెక్క: వెయిట్లూ, నీళ్లూ రెండూ తీసేస్తే స్లాషర్ ఎత్తినప్పుడు ముందు 473, వెనక 1,797. ముందు ఉండాల్సిన కనీసం 380. కాబట్టి పల్లం, చదును నేల వరకు తీసెయ్యొచ్చు. గట్టు ఎక్కించేటప్పుడు, వాలులో ముందు ఇంకా తేలికవుతుంది, అది గుర్తుంచుకోండి.

సోంపేట_తోట
అసలు ఆ స్లాషర్ బరువంతా ట్రాక్టర్ ఎందుకు మొయ్యాలి? వెనక తోక చక్రం ఉంటే లిఫ్ట్ లీవరు పూర్తిగా కిందికి వదిలెయ్యాలి. చాలామంది లీవరు మధ్యలో ఆపి, స్లాషర్‌ని గాల్లో వేలాడదీసి కోస్తారు. అప్పుడు 300 కేజీలూ వెనక టైర్ల మీదే. టాప్ లింక్ (ట్రాక్టర్‌నీ స్లాషర్‌నీ కలిపే పై కడ్డీ) బిగుతుగా ఉంటే తోక చక్రం నేలకి ఆనదు. స్లాషర్ వైపు టాప్ లింక్ పిన్ను నిలువు గాడిలో కొంచెం ఆడాలి, లేదా ఆ చోట గొలుసు పెట్టుకోవాలి. కోత ఎత్తు తోక చక్రంతో, పక్కల ఉండే స్కిడ్లతో సరిచేసుకోవాలి. ముందు అంచు వెనకకన్నా అర అంగుళం నుంచి అంగుళం కిందికుంటే చాలు, ఇంజనుకి భారం తగ్గుతుంది.

తోక చక్రం కూడా చూసుకోండి. నాలుగంగుళాల సన్నటి ఇనుప చక్రమైతే అదే మూడో గాడి చేస్తుంది. గాలి చక్రం, వెడల్పుది వేయించండి.

ఏజీ_విజయనగరం
అక్కా, మంచి మాట. తోక చక్రం 150 కేజీలు మోస్తే, మిగిలిన 150 కింది లింకుల చివర, ఇరుసుకి 0.9 మీటరు వెనక పడుతుంది. వెనక ఇరుసుకి పెరిగేది 221 మాత్రమే. అప్పుడు వెనక 1,481, ముందు 639. మొదట అనుకున్న 2,177 నుంచి 1,481కి వచ్చింది, పైసా ఖర్చు లేకుండా. ఒక్కో వెనక టైరుకి 740.

వంశధార_ఎడమ
తిప్పే చోట ఎందుకెక్కువ దిగబడుతోందో దీంతోనే తెలుస్తోంది. వరస చివర లిఫ్ట్ ఎత్తగానే 300 కేజీలకిపైగా ఒక్కసారి వెనక టైర్ల మీదికి వస్తాయి. అదే క్షణంలో ముందు చక్రాలు తేలికై స్టీరింగు పలకదు, డ్రైవరు లోపలి బ్రేకు తొక్కుతాడు, ఆ చక్రం ఉన్నచోటే గింగిరాలు తిరిగి పచ్చికని లేపేస్తుంది. మూడు తప్పులూ ఒకే అడుగు మేర జరుగుతాయి.

తిప్పేటప్పుడు ఎత్తకండి. వెడల్పుగా తిరగండి. ఒక వరస వదిలి తర్వాతి వరసలోకి వెళ్తే వంపు పెద్దదవుతుంది, బ్రేకు అవసరం ఉండదు. ఎత్తక తప్పనప్పుడు గరువు వైపు, గట్టి నేల మీదికి వచ్చాక ఎత్తండి. డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనక చక్రాలూ ఒకేలా తిరిగేలా చేసేది) వేసి మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు.

బొబ్బిలి_మామిడి
ముందు టైర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. 6.00-16 అంటే ఆరంగుళాల వెడల్పు, దానిలో గాలి 28-30 పాయింట్లు. వెనక టైరు చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ వేస్తుంటే ముందుది రెండు కేజీలు వేస్తోంది. మెత్త నేలలో మొదట కోసేది అదే. తిప్పినప్పుడు మూడు గీతల ముందు టైరు నాగలి కర్రులా మట్టిని పక్కకి తోస్తుంది. ఆ గాడిలోనే వెనక టైరు పడుతుంది. నేను చెప్పేదేంటంటే, టూ వీల్ డ్రైవ్‌కి మొదట మార్చాల్సింది ముందు టైర్లే. 7.50-16 చాలా మోడళ్లకి పడుతుంది. దానికి రిమ్ము కూడా వెడల్పుది కావాలి. తిప్పినప్పుడు టైరు ఇరుసుకి, స్టీరింగు రాడ్డుకి తగలకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక అందులో 20-22 పాయింట్లు సరిపోతాయి.

పలాస_టైరు_పని
బొబ్బిలి అన్న చెప్పింది నిజం. ఇక వెనక టైర్ల రకం. సైడు మీద రాసి ఉంటుంది చూడండి.

ఆర్-1: మామూలు ట్రాక్టర్ టైరు, మన దగ్గర బళ్లన్నిటికీ వచ్చేది. ఆర్-1డబ్ల్యూలో గుబ్బలు దానికన్నా పావు వంతు ఎత్తు ఎక్కువ. ఆర్-2 వరి పొలం టైరు, గుబ్బలు రెండింతల ఎత్తు. ఇది బురదలోకి దిగి, అడుగున గట్టి నేలని పట్టుకోవడానికి చేసింది. పచ్చిక కోతకి అస్సలు వద్దు. ఆర్-3 పచ్చిక టైరు, పొట్టి గుబ్బలు, వెడల్పు. గోల్ఫ్ మైదానాల్లో వాడతారు. ఆర్-4 జేసీబీ తరహా. చూడ్డానికి వెడల్పుగా ఉంటుంది గాని సైడు గోడ గట్టిది, గాలి ఎక్కువ కావాలి. వెడల్పు చూసి మోసపోవద్దు.

మీ పల్లంలో అరిగిన ఆర్-1 కొత్త ఆర్-1 కన్నా మంచిదని నా అభిప్రాయం. గుబ్బలు సగం అరిగిన జత దొరికితే తోటకి ఉంచుకోండి.

వంశధార_ఎడమ
అరిగిన టైరు ఇసకలో, తడి తక్కువ ఉన్న చోట ఒప్పుకుంటాను. బంకమట్టిలో కాదు అన్నయ్యా. జిగురు మట్టి మీద పైపొర తడిస్తే నున్నటి టైరు జారుతుంది. జారితే అక్కడే తిరిగి గుంత చేస్తుంది. జారుడు 10-15 శాతం దాటితే పచ్చిక చిరిగిపోతుంది. కొలవడం తేలిక: టైరు మీద సున్నం గీత పెట్టి, స్లాషర్ ఆపి పది చుట్లకి ఎంత దూరం వెళ్లిందో కొలవాలి, తర్వాత కోస్తూ పది చుట్లకి కొలవాలి. మొదటిది 40 మీటర్లు, రెండోది 35 అయితే జారుడు పన్నెండున్నర శాతం.

పలాస_టైరు_పని
సరే, దాన్ని ఇలా చెప్పుకుందాం. ఇసక పల్లానికి అరిగినది, బంక పల్లానికి మామూలు ఆర్-1. బీల అంచున ఏది ఉందో కవిటి అన్నే చెప్పాలి.

కవిటి_పల్లం
పైన జానెడు ఇసక కలిసిన మట్టి, కింద నల్ల బంక. ఆగస్టు నుంచి అడుగు లోతులో నీరు ఉంటుంది.

వెనక 14.9-28 వేయించుకోవచ్చా? మినీ కొనడం గురించి కూడా చెప్పండి.

పలాస_టైరు_పని
14.9-28 వేయొచ్చు. రిమ్ము వెడల్పు ఆ టైరుకి సరిపోతుందో లేదో ముందు చూడాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు వేస్తే మధ్యలో ఉబ్బి, మధ్య మాత్రమే నేలకి ఆనుతుంది, డబ్బు దండగ. ఫెండరుకీ, లిఫ్ట్ గొలుసులకీ ఎడం ఉండాలి. అసలు లాభం వెడల్పులో లేదు. పెద్ద టైరు అదే బరువుని తక్కువ గాలితో మోస్తుంది, లాభం అక్కడ. 14.9 వేసి మళ్లీ 18 పాయింట్లు కొట్టించుకుంటే మార్చిన ఫలితం ఏమీ ఉండదు.

మన దగ్గర వచ్చేవి ఎక్కువగా బయాస్ టైర్లు, సైడు గోడ గట్టిగా ఉండేవి. వీటిలో 10కి దిగువకి వెళ్లొద్దు. రేడియల్ అయితే సైడు గోడ మెత్తన, ఇంకొంచెం తగ్గొచ్చు. దేనికైనా టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకి ఎంత గాలో చూశాకే. తక్కువ గాలిలో వచ్చే ప్రమాదం రిమ్ము మీద టైరు జారడం. ట్యూబు వాల్వు అక్కడే తెగుతుంది. టైరు మీదా రిమ్ము మీదా కలిపి సుద్దతో ఒక గీత గియ్యండి. రోజు పని అయ్యాక రెండు గీతలూ విడిపోయి కనిపిస్తే రెండు పాయింట్లు పెంచండి. ట్రాలీ తగిలించి రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ పూర్తిగా కొట్టించాలి. 10-12 పాయింట్లతో లోడు వేసి రోడ్డు మీద పరిగెడితే సైడు గోడ వేడెక్కి చీలుతుంది.

నాగావళి_గట్టు
మినీ సంగతి. 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీలు 650-850 కేజీల మధ్య ఉంటాయి. పల్లానికి తగినవే. ముందు టైరు కూడా వెడల్పు గుబ్బల టైరు కావడం వాటిలో పెద్ద లాభం, నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి కాబట్టి ఏ ఒక్కటీ గింగిరాలు తిరగదు. కొబ్బరి మొక్కలు తిత్లీ తర్వాత వేసినవి అన్నారు, మట్టలు కిందికి వేలాడుతుంటాయి. పెద్ద ట్రాక్టర్ నిలువు సైలెన్సరు, కానపీ వాటికి తగులుతాయి. మినీ కింద నుంచి పోతుంది.

కాని మీ ఐదడుగుల స్లాషర్ దానికి తగిలించొద్దు! ఏజీ గారూ, లెక్క మీరే వెయ్యండి.

ఏజీ_విజయనగరం
700 కేజీల మినీ, ముందు 300, వెనక 400, ఇరుసుల దూరం ఒకటిన్నర మీటరు అనుకుందాం. 300 కేజీల స్లాషర్ బరువు మధ్యభాగం 1.4 మీటర్లు వెనక. ఎత్తితే వెనక పెరిగేది 300 × 2.9 ÷ 1.5 = 580. ముందు మిగిలేది 20 కేజీలు. గట్టు మీద ముందు చక్రాలు లేస్తాయి, ప్రాణాపాయం. పైగా వెనక ఇరుసు మీద 980 కేజీలు, ఆ చిన్న టైర్లకి. తేలిక బండి కొని పల్లంలో కూరుకుపోవడమంటే ఇదే.

నాలుగడుగుల స్లాషర్, 180 కేజీలు, 1.2 మీటర్లు వెనక అయితే: వెనక 724, ముందు 156. కనీసం ఉండాల్సింది 140. అంచున సరిపోయింది. ముందు 30-40 కేజీల వెయిటు పెడితే నిబ్బరం.

ఇక హెచ్‌పీ: నాలుగడుగులకి 18-20 పైన, ఐదడుగులకి 25-30 పైన ఉండాలి. తడి గడ్డి మోకాలెత్తు దాటితే ఇంకో ఐదు కలుపుకోండి.

సోంపేట_తోట
వెడల్పు తగ్గితే ఎన్నిసార్లు తిరగాల్సొస్తుందో కూడా చూడాలి కదా. 25 అడుగుల వరసలో పాదు ఆరడుగుల మేర అటూ ఇటూ వదిలితే మధ్య 13 అడుగులు. ఐదడుగుల స్లాషర్ అంచులు కలుపుకుంటూ మూడుసార్లు. నాలుగడుగులది నాలుగుసార్లు. ఒక్కసారే ఎక్కువ. ఆ తేడా మినీకి తగ్గే బరువు ముందు లెక్కలోకి రాదు.

ఆరడుగుల మేర వదలడం మాత్రం తప్పనిసరి. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మొదలు నుంచి రెండు మీటర్ల లోపే ఉంటాయి. అక్కడ చక్రం దిగబడితే వేరు తెగుతుంది, గాడిలో నీరు నిలుస్తుంది. గానోడెర్మా (మొదలు కుళ్లు తెగులు) ఉన్న తోటల్లో వేరుకి గాయం చెయ్యొద్దని చెప్పేది అందుకే. పాదులో గడ్డి బ్రష్ కట్టర్‌తోనో కొడవలితోనో తియ్యండి.

రాలిన మట్టలు ముందే ఏరెయ్యండి. మట్ట మొదలు స్లాషర్ బ్లేడుకి తగిలితే షియర్ బోల్టు (గేరుబాక్సుని కాపాడటానికి ముందే తెగేలా పెట్టిన బోల్టు) తెగుతుంది. బోల్టు బదులు గట్టి ఇనుప మేకు దూర్చి నడిపితే గేరుబాక్సు పోతుంది. ఏరిన మట్టల్ని తోటలో కుప్పేసి కుళ్లనివ్వకండి, కొమ్ము పురుగు పెరిగేది అక్కడే. కోత సమయంలో గొలుసు తెర లేని స్లాషర్ దగ్గరికి మనిషినీ పశువునీ రానివ్వొద్దు, కొబ్బరి డొక్క ముక్క రాయిలా వస్తుంది.

చీపురుపల్లి_మెకానిక్
ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాక టైర్లు మార్చాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. వెనక టైరు సైజు ఒక్కటే మార్చొద్దు. ముందు చక్రాలు వెనకవాటికన్నా 1 నుంచి 5 శాతం ఎక్కువ వేగంతో తిరిగేలా కంపెనీ గేర్లు కూర్చింది. వెనక ఎత్తు పెరిగితే ఆ లెక్క తప్పి ముందు చక్రాలు ఈడ్చుకుపోతాయి. ముందు టైర్లు త్వరగా అరుగుతాయి, గట్టి నేల మీద గేర్లు బిగుసుకుంటాయి, లీవరు విడిపించడానికి రాదు.

పరీక్ష: ఫోర్ వీల్ తీసేసి, వెనక చక్రం పది చుట్లు తిరిగేసరికి ముందుది ఎన్ని తిరిగిందో లెక్కించాలి. 16 అనుకోండి. తర్వాత ఫోర్ వీల్ వేసి మెత్తటి నేల మీద అదే పది చుట్లు. 16కి బదులు 16 పావు నుంచి 16 ముప్పావు మధ్య వస్తే సరి. 16 కన్నా తగ్గినా, 17కి వచ్చినా ఆ జత పనికిరాదు. అరిగిన టైర్లు ముందు, కొత్తవి వెనక వేసినా ఇదే తంటా. కొలిచేటప్పుడు గాలి సరిగ్గా ఉండాలి. సిమెంటు రోడ్డు మీద ఈ పరీక్ష చెయ్యొద్దు.

బొబ్బిలి_మామిడి
45 హెచ్‌పీలో కూడా 1,400 కేజీల లోపు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లున్నాయి, కుబోటా ఎల్4508 లాంటివి. ఐదెకరాల కొబ్బరితో పాటు వరి దమ్ము కూడా ఉంటే మినీ కన్నా అదే నయం. రెండెకరాల పల్లం కోసమే అయితే కొనకండి.

నాగావళి_గట్టు
ఇంకో విషయం మీద అందరూ మాట్లాడాలి. ప్రతిసారీ అదే దారిలో నడపాలా, దారి మార్చాలా? నేను అదే దారి అంటాను. మొదటిసారి చక్రం వెళ్లినప్పుడే నేల గట్టిపడటంలో ఎక్కువ భాగం అయిపోతుంది. రోజుకో దారి తొక్కితే తోటంతా గట్టిపడుతుంది.

వంశధార_ఎడమ
గరువుకి అది సరైనదే. పల్లంలో కాదు. అడుగు లోతులో నీరున్న నేలలో రెండోసారి అదే గాడిలో పడితే మొదటి దానికన్నా లోతు దిగుతుంది, మూడోసారి ఇరుసు తగులుతుంది. వానాకాలంలో ఒక్కో కోతకి ఒక టైరు వెడల్పు పక్కకి జరగాలి. సంక్రాంతి దాటి నేల ఆరాక ఎప్పటి దారిలోకి రావాలి.

నాగావళి_గట్టు
నీరు అంత పైన ఉన్నప్పుడు అసలు దిగకపోవడమే మంచిదని నా ఉద్దేశం. కాని దిగక తప్పకపోతే మీ పద్ధతికి అడ్డు చెప్పను.

సోంపేట_తోట
దిగొచ్చో లేదో తేల్చుకోవడం ఇలా. నాలుగైదు చోట్ల, ముఖ్యంగా తిప్పే చోట, నాలుగంగుళాల లోతు మట్టి తీసి అరచేతుల మధ్య నులమండి. అగ్గిపుల్లంత సన్నటి తాడులా విరగకుండా వస్తే ఆ రోజు దిగొద్దు. ముక్కలుగా విరిగితే దిగొచ్చు. ఇసక మట్టి ఎలాగూ తాడు కాదు, అక్కడ ఒంటికాలి మీద నిలబడి చూడండి. మనిషి ఒంటికాలితో నిలబడితే చదరపు సెంటీమీటరుకి అర కేజీ లోపే పడుతుంది. ఆ భారానికే మడమ అంగుళం దిగితే దానికి రెట్టింపు ఒత్తిడి వేసే ట్రాక్టర్ ఎంత దిగుతుందో చూసుకోండి.

గడ్డిని నాలుగంగుళాలకన్నా తక్కువ ఎత్తుకి కోయకండి. నేల దాకా గొరిగితే వేరు బలహీనపడి పచ్చిక పలచబడుతుంది. పల్లంలో రోటవేటర్ అసలు వెయ్యొద్దు.

కవిటి_పల్లం
అందరికీ కృతజ్ఞతలు. నీళ్లు తీసేశాను, ముందు వెయిట్లు విప్పాను. మిల్లు కాటా మీద స్లాషర్ ఎత్తి ఉంచితే ముందు 490, వెనక 1,790 వచ్చింది. గాలి కొలిస్తే వెనక ఒకదాంట్లో 19, రెండోదాంట్లో 16. ముందు 34. తోక చక్రం ఇనుపది, మార్పించాలి. వెనక 14.9 ఇప్పుడే అవసరమా? ఒకవేళ దిగబడితే ఎలా తియ్యాలో కూడా చెప్పండి.

పలాస_టైరు_పని
ఇప్పుడే వద్దు. రెండు టైర్లలో మూడు పాయింట్ల తేడా ఉంది, బండి ఒక పక్కకి లాగుతూ ఉండుంటుంది. రెండూ 12కి తెచ్చి, సుద్ద గీత గీసి, ఒక కోత చూడండి. ముందు టైర్లు 7.50-16కి ఈ సీజనులోనే మార్చండి. వెనకవి అరిగాక 14.9 సంగతి చూసుకోవచ్చు.

చీపురుపల్లి_మెకానిక్
దిగబడితే చక్రం తిరుగుతూ ముందుకి కదలని మొదటి క్షణంలోనే క్లచ్ తొక్కాలి. గేసు పెంచితే ఇరుసు దాకా పోతుంది. పీటీఓ ఆపి, స్లాషర్ కిందే వదిలి పిన్నులు విప్పండి, ఆ బరువు పోతే సగం సార్లు బండి తనంతట అదే వస్తుంది. అప్పటికీ రాకపోతే స్లాషర్‌ని పక్కకి లాగేసి, చక్రం వెనకున్న మట్టిని పారతో ఏటవాలుగా తీసి, కొబ్బరి మట్టలు అడ్డంగా, ఆకు వైపు టైరు కిందికి పెట్టి, డిఫరెన్షియల్ లాక్ వేసి, స్టీరింగు తిన్నగా ఉంచి, తక్కువ గేరులో వచ్చిన దారినే వెనక్కి రండి. ఇంకో ట్రాక్టర్‌తో లాగిస్తే గొలుసు కింది డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్ చోట గాని, ఇరుసు పైన గాని కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి బోల్తా పడుతుంది. మనుషులు చక్రాల ముందూ వెనకా నిలబడొద్దు, మట్టలు ఎగిరొస్తాయి.

సోంపేట_తోట
తోక చక్రానికి పాత స్కూటర్ చక్రం పెట్టించుకోవచ్చు, వెల్డింగు షాపులో ఫోర్కు చేసిస్తారు. తిరిగేటప్పుడు అది కూడా పక్కకి తిరిగేలా ఫోర్కు నిలువు పిన్ను మీద ఆడాలి, బిగించి వెల్డు చేస్తే తిప్పిన ప్రతిసారీ పచ్చికని గీకుతుంది.